అమీర్‌పేటలో రెండు జావాలు

2006లో హైదరాబాదు వచ్చి అమీర్‌పేటలో కోర్సులో చేరిన రోజు సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేశాను. "ఏం నేర్చుకుంటున్నవ్‌రా?" అన్నాడు నాన్న. "జావా" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "అది బందై పదేండ్లాయె గద. దాన్ని ఇంకా నేర్పుతున్నరా?" అన్నాడు.

రాత్రి హాస్టల్ గదిలో ఈ మాట చెబితే నలుగురం పడీపడీ నవ్వుకున్నాం. నాన్న అన్నది తప్పు కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆయన లెక్క కూడా సరిగ్గానే ఉంది. సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ళ జావా 1995లో బయటికొచ్చింది. మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఒక జావా పుట్టిన మరుసటి ఏడే ఇంకో జావా పోయింది. మొదటిదానికి పేరు కాఫీ నుంచి వచ్చింది. రెండోది 1929లో చెక్ దేశంలో ఫ్రాంటిషెక్ యానెచెక్ అనే ఆయన, వాండరర్ అనే జర్మన్ కంపెనీ మోటార్‌సైకిల్ విభాగాన్ని కొని, రెండు పేర్ల మొదటి అక్షరాలు కలిపి పెట్టుకున్న పేరు. 1961 నుంచి అది మైసూరులో తయారైంది. తర్వాత యెజ్డీ అయింది. మా సూర్యాపేటలో నాన్న తరం వాళ్ళకి జావా అంటే ఒకటే అర్థం. కిక్ రాడ్డే గేర్ రాడ్డుగా కూడా పనిచేసే బండి, రెండు సైలెన్సర్ల బండి, ఊళ్ళో డాక్టరుకీ కాంట్రాక్టరుకీ తప్ప ఇంకెవరికీ లేని బండి.

అమీర్‌పేటలో నేను నేర్చుకోవడానికి వెళ్ళింది ఒక జావా. నిజంగా నేర్చుకున్నది ఇంకోటి. ఈ వ్యాసం రెండోదాని గురించి.

*

అమీర్‌పేట అన్న పేరు అమీర్-ఎ-కబీర్ బిరుదున్న పైగా నవాబుల జాగీరు నుంచి వచ్చిందంటారు. పంజాగుట్టకి ఆ పేరు గుట్ట మీది పంజా, అంటే అరచేతి గుర్తు, వల్ల వచ్చిందంటారు. మేం వచ్చేసరికి నవాబులూ లేరు, గుట్టా కనిపించదు. మైత్రీవనం ముందు నిలబడి తలెత్తితే ఆకాశం కూడా సరిగ్గా కనిపించేది కాదు, అన్నీ బోర్డులే. జావా, డాట్‌నెట్, ఒరాకిల్, టెస్టింగ్ టూల్స్, అదే మెట్ల మీద ఇంకో పది. పొద్దున ఏడు గంటల బ్యాచ్ అయ్యాక సాయంత్రం ల్యాబ్ దాకా చేతిలో పని ఉండదు, జేబులో డబ్బు ఉండదు. సత్యం థియేటర్లో రోజూ సినిమా చూడలేం కదా. అందుకని నడిచేవాళ్ళం. అమీర్‌పేట నుంచి పంజాగుట్ట చౌరస్తా, అక్కడి నుంచి సోమాజిగూడ, మళ్ళీ గ్రీన్‌లాండ్స్ మీదుగా వెనక్కి. ఆ దారి పొడుగునా అద్దాల షోరూములు. అద్దాల వెనక బండ్లు.

పంజాగుట్టలోనే నిమ్స్ ఉంది. ఇవాళ అది అన్ని జబ్బులకీ పెద్దాసుపత్రి కాని, 1960లలో నిజాం ధర్మనిధి డబ్బుతో మొదలైనప్పుడు అది ఎముకల ఆసుపత్రి, నిజామ్స్ ఆర్థోపెడిక్ హాస్పిటల్. ఒకే రోడ్డు మీద ఒక పక్క బండ్ల షోరూములు, కాస్త దూరంలో ఎముకలు అతికించడానికి కట్టిన ఆసుపత్రి. అప్పట్లో ఇది మాకు తోచలేదు. ఇరవై రెండేళ్ళ వయసులో ఎవరికి తోస్తుంది?

*

షోరూములో టెస్ట్ రైడ్ ఇస్తారని మా రూమ్మేట్ కనిపెట్టాడు. వాడిది నల్లగొండ, నాకంటే ఏడాది పెద్ద, నాలుగు సబ్జెక్టుల బ్యాక్‌లాగ్‌తో బీటెక్ ముగించాడు. లైసెన్సు జిరాక్స్ ఇచ్చి ఒక ఫారం నింపితే చాలు, కొనాల్సిన పనిలేదు. కాకపోతే కొనేవాళ్ళలా కనిపించాలి. దానికి మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇస్త్రీ చొక్కాలు, నాకు తమ్ముడి వేషం, వాడికి డబ్బు కట్టే అన్న వేషం. "అన్నా, ఒక్క రౌండ్ కొట్టొస్త" అని నేను, "మైలేజ్ ఎంతిస్తది, ఈఎంఐ ఎంత పడ్తది" అని వాడు. అయ్యాక, "ఇంట్ల మాట్లాడి చెప్తం." పంజాగుట్ట, సోమాజిగూడ, బేగంపేట, ఖైరతాబాద్. ఒక్క షోరూముకి రెండోసారి వెళ్ళేవాళ్ళం కాదు, మొహాలు గుర్తుపడతారని.

టెస్ట్ రైడ్ అంటే పది నిమిషాలు. సేల్స్ కుర్రాడు వెనక కూర్చుంటాడు. మనకంటే చిన్నవాడు, ప్రాణం మీద మనకంటే ఎక్కువ తీపి ఉన్నవాడు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర మూడు నిమిషాలు ఆగుతాం. ఆ పైన రెండొందల మీటర్ల ఖాళీ దొరికితే అదే అదృష్టం. ఆ రెండొందల మీటర్లలో బండి పికప్ ఎంతో తెలుస్తుంది. హ్యాండిల్ కిందకున్న బండైతే మణికట్లు ఎంత నొప్పెడతాయో, ఇంజను వేడి తొడలకి ఎలా తగులుతుందో తెలుస్తుంది. ఒక్కటి మాత్రం తెలియదు. ఆ బండి ఎంతలో ఆగుతుందో తెలియదు. పూర్తి బ్రేకు వేసి చూడనివ్వరు. వెనక ఆర్టీసీ బస్సు ఉంటుంది, మెడ పక్కన సేల్స్ కుర్రాడి ఊపిరి ఉంటుంది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే, మన దగ్గర మోటార్‌సైకిళ్ళ చరిత్ర అంతా ఆ టెస్ట్ రైడ్‌ లాంటిదే అనిపిస్తుంది. ఎంత వేగం వచ్చిందన్నది అందరికీ గుర్తుంటుంది. ఎంత బ్రేకు వచ్చిందన్నది ఎవరూ రాసుకోలేదు.

*

నాన్న కాలంలో ఎంపిక చేసుకోవడానికి ఏమీ లేదు. మద్రాసులో 1955 నుంచి ఎన్‌ఫీల్డ్ బుల్లెట్, మైసూరు జావా, ఎస్కార్ట్స్ వాళ్ళ రాజ్‌దూత్. లైసెన్సుల రాజ్యంలో ఎవరెన్ని బండ్లు తయారుచెయ్యాలో ప్రభుత్వం చెప్పేది. స్కూటరు కోసం ఏళ్ళ తరబడి బుకింగ్ చేసి ఎదురుచూసేవాళ్ళు. బండి ఎంత స్పీడు పోతుందని ఎవరూ అడిగేవాళ్ళు కాదు, ఎప్పుడొస్తుందని అడిగేవాళ్ళు.

1983లో ఎస్కార్ట్స్ కంపెనీ యమహాతో కలిసి రాజ్‌దూత్ 350 తెచ్చింది. జపాన్‌లో దాని అసలు పేరు ఆర్‌డి 350. ఆర్‌డి అంటే రేస్ డెవలప్డ్. 347 సీసీ, రెండు సిలిండర్లు, టూ స్ట్రోక్, ఆరు గేర్లు. అప్పటిదాకా నాలుగు గేర్ల బండ్లే ఎరిగిన దేశంలో ఆరు గేర్ల బండి. జపాన్ మోడల్‌కి 39 హార్స్‌పవర్ ఉంటే, మన రోడ్లకీ మన పెట్రోలు ఖర్చుకీ తగ్గట్టు దాన్ని ముప్ఫైకి దించారు, తర్వాతి రకంలో ఇంకాస్త దించారు. తగ్గించినా అది మన రోడ్ల మీద మిగతా అన్నిటికంటే ముందుండేది. మైలేజీ లేదు, స్పేర్లు ఖరీదు, ఎక్కువగా అమ్ముడుపోలేదు. ఆ దశకం తిరిగేసరికి ఆగిపోయింది.

అమీర్‌పేట వెనక సందుల్లో, ధరమ్‌కరం రోడ్డు వైపు, ఒక ఉస్తాద్ దగ్గర అలాంటి బండి ఒకటి ఉండేది. రిపేరుకి వచ్చింది కాదు, ఆయనదే. శుక్రవారం నమాజుకి దాని మీదే వెళ్ళేవాడు. మేం టీ తాగుతూ దాని చుట్టూ తిరుగుతుంటే ఒకసారి ముందు చక్రం చూపించి, "ఏ దేఖో. జపాన్ వాలీకు డిస్క్ థా. హమ్‌కు డ్రమ్ దియే" అన్నాడు. నిజమే. జపాన్ ఆర్‌డికి ముందు డిస్క్ బ్రేకు ఉంది. మనకి అమ్మిన దానికి ముందూ వెనకా డ్రమ్ములే. ఇంజను శక్తి పావు వంతు తగ్గించారు కాని బ్రేకుని అంతకంటే ఎక్కువే తగ్గించారు. డ్రమ్ము బ్రేకు ఒకసారి గట్టిగా వేస్తే పట్టుకుంటుంది. వరసగా నాలుగుసార్లు వేస్తే లోపల వేడెక్కి పట్టు వదిలేస్తుంది. "ఉడ్తీ హై బాబూ, రుక్తీ నహీ" అనేవాడు ఉస్తాద్. ఎగురుతుంది, ఆగదు. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహంలో ఫిర్యాదు ఉండేది కాదు, గర్వం ఉండేది. మాకూ ఆ గర్వమే అంటుకుంది.

1980ల మధ్యలో జపాన్ వాళ్ళతో కలిసి వచ్చిన నూరు సీసీ బండ్లు మన ఊళ్ళ రూపమే మార్చేశాయి. 1984లో ఇండ్-సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడాది యమహా ఆర్‌ఎక్స్ 100, ఆ తర్వాత కవాసాకి బజాజ్. హీరో హోండా ఫోర్ స్ట్రోక్, లీటరుకి ఎనభై ఇస్తానని ఇంటి పెద్దలకి చెప్పింది. ఆర్‌ఎక్స్ 100 ఇంటి పెద్దలతో ఏమీ మాట్లాడలేదు, నేరుగా కొడుకులతో మాట్లాడింది. 98 సీసీలో 11 హార్స్‌పవర్, నూరు కిలోలకి అటూ ఇటూ బరువు. సన్నటి చక్రాలు, మళ్ళీ డ్రమ్ము బ్రేకులే. 1996లో తయారీ ఆగినా, కాలుష్య నియమాలు బిగిసి 2000 తర్వాత టూ స్ట్రోక్ మోటార్‌సైకిళ్ళు ఒక్కొక్కటే కనుమరుగైనా, ఆ చప్పుడు అమీర్‌పేట సందుల్లో ఇప్పటికీ అప్పుడప్పుడు వినపడుతుంది. నేను కొన్న మొదటి బండి అదే. 1994 మోడల్, ఏపీ 09 నంబరు, మూడో చేతి బండి.

డిస్క్ బ్రేకు మామూలు కుర్రాళ్ళ చేతికి వచ్చింది 1999లో హీరో హోండా సీబీజెడ్‌తో, 2001లో బజాజ్ పల్సర్‌తో, 2003లో కరిజ్మాతో. 2004లో 'ధూమ్' సినిమా వచ్చింది. తెర మీద హయబుసాలు తిరిగాయి, బయట ప్రతివాడూ తన పల్సర్ మీద వంగి కూర్చోవడం మొదలుపెట్టాడు. 2007లో ఇంకో చిత్రం జరిగింది. పద్దెనిమిదేళ్ళుగా మన మామిడిపళ్ళని రానివ్వని అమెరికా ఆ ఏడు రానిచ్చింది. అదే ఒప్పందాల్లో మనం 800 సీసీ దాటిన మోటార్‌సైకిళ్ళని ఇక్కడి నిబంధనల చిక్కులు తగ్గించి దిగుమతి చేసుకోనిచ్చాం. వాళ్ళు అడిగింది హార్లీల కోసం. తెరుచుకున్న తలుపులోంచి జపాన్ సూపర్‌బైకులూ వచ్చాయి. 2007 డిసెంబరులో యమహా తన ఆర్1ని అధికారికంగా దేశంలో పెట్టింది. పది లక్షల పైచిలుకు. దాన్ని మేం షోరూములో తాకి చూశాం. టెస్ట్ రైడ్ అడిగే ధైర్యం మా ఇస్త్రీ చొక్కాలకి లేకపోయింది.

2008లో ఆర్15 వచ్చింది. 150 సీసీనే, కాని లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లు, రేసు బండి పోలికలో కట్టిన ఫ్రేము, 17 హార్స్‌పవర్. ఢిల్లీ షోరూము ధర 97,500 రూపాయలు. లక్ష లోపల దొరికిన మొట్టమొదటి నిజమైన స్పోర్ట్ బైక్ అని అప్పట్లో అందరం అనుకున్నాం, ఇప్పటికీ అనుకుంటాను. దాన్ని టెస్ట్ రైడ్ చేసిన రోజు సోమాజిగూడ మలుపులో బండి వంగిన తీరు నా వెన్నులో ఇంకా ఉంది. బండిని నేను తిప్పలేదు, చూసినవైపు అదే పోయింది.

చూసినవైపు పోయింది అని అప్పుడే అనుకున్నాను. ఆ వాక్యానికి అర్థం మాత్రం అప్పుడు తెలియదు.

*

2009 నాటికి ఇద్దరికీ ఉద్యోగాలు వచ్చాయి. వాడు సెకండ్‌హ్యాండ్ కరిజ్మా కొన్నాడు. నేను ఆర్‌ఎక్స్ అమ్మి ఆర్15 తీసుకున్నాను, అప్పు చేసి. గది మాత్రం అమీర్‌పేటలోనే. రాత్రి పదకొండు దాటాక పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కి దిగి ఖైరతాబాద్ మీదుగా నెక్లెస్ రోడ్డుకి వెళ్ళేవాళ్ళం. ఆ ఫ్లైఓవర్ 2007లో కడుతుండగానే ఒక పక్క కూలి మనుషులు చనిపోయారు. అది తెలిసినవాళ్ళమే దాని మీద ఎనభైలో పోయేవాళ్ళం. నెక్లెస్ రోడ్డు మీద ఐస్‌క్రీములు తినే కుటుంబాలు వెళ్ళిపోయాక, మాలాంటివాళ్ళు ఇరవై ముప్ఫై మంది పోగయ్యేవాళ్ళు. పందెం డబ్బులేం లేవు. ముందు పోవడమే పందెం.

మార్చిలో ఒక శనివారం. నేను ముందున్నాను, వాడు వెనక. ఎడమకి తిరిగే ఒక మలుపులో నేను అనుకున్నదానికంటే వేగంగా దిగాను. ఎలా తిరిగానో తెలియదు, తిరిగాను. వెనక చప్పుడు విని అద్దంలో చూస్తే హెడ్‌లైటు ఆకాశంలోకి వెలుగుతోంది. వాడి బండి మలుపు తిరగనే లేదు. నిటారుగా లేచి, తిన్నగా పోయి డివైడర్‌ని కొట్టింది.

కుడి తొడ ఎముక, మోకాలి చిప్ప. రాడ్డు వేశారు, ఆర్నెల్ల తర్వాత ఇంకో ఆపరేషన్ చేశారు. ఇవాళ్టికీ వాడి మోకాలు సగమే వంగుతుంది. నేలమీద కూర్చోలేడు. పెళ్ళిలో పీటల మీద కాదు, కుర్చీలో కూర్చున్నాడు. బ్రేకులు ఫెయిలయ్యాయని వాళ్ళ నాన్నకి చెప్పాం. కేసు లేకుండా పోయింది. తర్వాత ఉస్తాద్ ఆ బండి చూశాడు. డిస్కు, ప్యాడ్లు, ఆయిలు అన్నీ చూసి ఏమీ అనకుండా నా వైపు చూశాడు. బ్రేకులు బాగానే ఉన్నాయి.

2011 సెప్టెంబరులో అజారుద్దీన్ కొడుకు అయాజుద్దీన్, పంతొమ్మిదేళ్ళ పిల్లవాడు, వెయ్యి సీసీ సుజుకి మీద ఔటర్ రింగు రోడ్డు మీద పడ్డాడు. వెంట ఉన్న బంధువుల అబ్బాయి పోయాడు. అయాజ్ కొద్ది రోజులకి పోయాడు. ఔటర్ మీద టూవీలర్లకి అనుమతి లేదు. ఊరంతా వారం రోజులు తల్లిదండ్రుల పెంపకం గురించి, డబ్బున్నవాళ్ళ పిల్లల గురించి మాట్లాడింది. అంత శక్తి ఉన్న బండిని నడపడం ఎక్కడ నేర్చుకోవచ్చన్న మాట నేను విన్నంతలో ఎవరూ ఎత్తలేదు. లైసెన్సు పరీక్షలో మనం చేసేది ఒకటే, ఎనిమిది వెయ్యడం. కాలు కింద పెట్టకుండా, పది కిలోమీటర్ల వేగంతో. పది నుంచి నూట యాభై దాకా మిగిలినదంతా మన ఇష్టం, మన ఖర్మ.

గుర్రాలకి ఈ ఊళ్ళో ఆ ఇబ్బంది లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో గుర్రప్పందేలని మౌలాలి నుంచి మలక్‌పేటకి మార్పించాడు. ఇప్పటికీ అక్కడే జరుగుతున్నాయి. చుట్టూ రెయిలింగు, మెత్తటి నేల, పక్కనే పశువైద్యుడు. గుర్రం పరుగెత్తాలనుకుంటుందని, దానికో చోటు ఉండాలని నూటముప్ఫై ఏళ్ళ కిందటే ఈ నగరం ఒప్పుకుంది.

*

2013లో నేను మద్రాసు వెళ్ళాను. ట్రాక్ మీద ఒక రోజు నేర్పుతారని తెలిసి, ఆ ఆర్15 మీదే. నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, అద్దంకి మీదుగా హైవే ఎక్కి ఒంగోలు, నెల్లూరు, సూళ్ళూరుపేట. ఆరొందల కిలోమీటర్ల పైచిలుకు. మద్రాసు ఇంకా ముప్ఫై కిలోమీటర్లు ఉందనగా షోలవరం వస్తుంది. ఆ ఊరి పేరు దారిలో బోర్డు మీద చూసి బండి ఆపాను.

షోలవరంలో రెండో ప్రపంచయుద్ధం నాటి విమానాల రన్‌వే ఉంది. యుద్ధం అయిపోయాక అక్కడ విమానాల పని తీరిపోయింది. 1953లో మొదలైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఆ రన్‌వే మీద దాదాపు నాలుగు దశాబ్దాలు రేసులు నడిపింది. కోయంబత్తూరు కరివర్ధన్, విజయ్ మాల్యా లాంటి వాళ్ళు అక్కడ కార్లు నడిపారు. మోటార్‌సైకిళ్ళూ అక్కడే పందెం కట్టాయి. ఇంగ్లండులో సిల్వర్‌స్టోన్ కథా ఇదే, యుద్ధకాలపు ఎయిర్‌ఫీల్డు 1948లో రేసు ట్రాక్ అయింది. 1990లో క్లబ్బు వాళ్ళు శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకున్నారు. 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. 2003లో కోయంబత్తూరు దగ్గర కరివర్ధన్ పేరిట ఇంకోటి వచ్చింది. ఫార్ములా వన్ కోసం నోయిడా దగ్గర బుద్ధ్ సర్క్యూట్ వచ్చింది 2011లో.

ఒక క్లబ్బూ, ఒక పాత రన్‌వే, నలభై ఏళ్ళ ఓపిక. మద్రాసుకి ఉన్నది అదే. మనకీ అమీర్‌పేట పక్కనే బేగంపేటలో రన్‌వే ఉంది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకి పోయినప్పుడు మాలో ఒకడు, "ఆదివారాలు మాకిస్తే బాగుండు" అన్నాడు. అది ఉత్త కల. వాయుసేన పనులు, శిక్షణ, వీఐపీల విమానాలు, ఎయిర్ షోలు అక్కడ నడుస్తూనే ఉన్నాయి. కాని కల రావడానికి కారణం ఉంది.

ట్రాక్ మీద పొద్దున మొదట చేయించిన పని అద్దాలు విప్పించడం. హెడ్‌లైటుకి టేపు అంటించడం, టైర్లలో గాలి తగ్గించడం. అద్దాలెందుకు తీసేస్తారని అడిగితే, "వెనకవాడి సంగతి వెనకవాడు చూసుకుంటాడు, నువ్వు ముందుకి చూడు" అన్నాడు నేర్పేవాడు. అద్దె లెదర్ సూటులో చెమటలు కారుతున్నాయి. మొదటి గంట అసలు వేగం గురించి మాటే లేదు. బ్రేకు గురించే. ముందు బ్రేకుని గుంజకూడదు, పిండాలి. మొదట మెల్లగా, బరువు ముందు చక్రం మీదికి వచ్చాక బలంగా. బండిని ఆపేది ఎక్కువగా ముందు చక్రమే. మనం చిన్నప్పటి నుంచి విన్నది దీనికి తలకిందులు: "ముందు బ్రేకు పట్టకు, బోర్లా పడతవ్."

తర్వాత హ్యాండిల్. ఒక వేగం దాటాక కుడికి తిరగాలంటే కుడి హ్యాండిల్‌ని ముందుకి నెట్టాలి. అంటే చక్రం ఒక్క క్షణం ఎడమకి తిరగాలి, అప్పుడు బండి కుడికి వంగుతుంది. నమ్మబుద్ధి కాదు. విమానం కనిపెట్టిన రైట్ సోదరులు సైకిళ్ళు చేసి అమ్మినవాళ్ళు. వాళ్ళలో విల్బర్ ఈ సంగతి వందేళ్ళ కిందే గమనించాడు: సైకిలు తొక్కే ప్రతివాడూ ఈ పని చేస్తాడు, చేస్తున్నట్టు ఎవరికీ తెలియదు. తెలియకపోతే వచ్చే నష్టం ఏమిటంటే, భయపడ్డప్పుడు శరీరం ఆ పని చెయ్యడం మానేస్తుంది.

మెయిన్ స్ట్రెయిట్ అయ్యాక సీ1 అనే కుడి మలుపు, చాలా వేగంగా తీసుకునేది. మొదటి మూడు రౌండ్లలో నేను అక్కడ ప్రతిసారీ బయటి అంచుకి కొట్టుకుపోతున్నాను. నేర్పేవాడు పిట్‌లో ఆపి అడిగాడు, "మలుపులో ఏం చూస్తున్నావ్?" "రోడ్డు అయిపోయే చోటు" అన్నాను. "అందుకే అక్కడికి పోతున్నావ్. భయమేసినప్పుడు మనిషి దేన్ని చూస్తాడో దాని మీదికే పోతాడు. బ్రేకు వేస్తే బండి ఇంకా నిటారుగా లేచి తిన్నగా పోతుంది. మెడ తిప్పి మలుపు చివర చూడు. మిగతాది బండి చేసుకుంటుంది."

నాలుగో రౌండులో మెడ తిప్పాను. బండి తిరిగింది, సోమాజిగూడలో తిరిగినట్టే. సీ2 వచ్చేలోపు నాకు కళ్ళ ముందు హెడ్‌లైటు ఆకాశంలోకి వెలుగుతూ కనిపించింది. నిటారుగా లేచి, తిన్నగా. పిట్‌లోకి వచ్చి హెల్మెట్ తియ్యకుండా చాలాసేపు కూర్చున్నాను. ఎండ దెబ్బ అనుకుని ఎవరో నీళ్ళిచ్చారు.

వాడికి తెలియనిది నాకూ తెలియదు. ఆ రాత్రి నేను తిరగడానికీ వాడు తిరగకపోవడానికీ మధ్య ఉన్నది నైపుణ్యం కాదు. నేను డివైడర్‌ని చూడలేదు, ఎందుకంటే నేను అద్దంలో వాణ్ణి చూసుకుంటూ, ఎంత వెనకబడ్డాడో అని, ఆ తర్వాత తలెత్తి మలుపు అవతలికి చూశాను. వాణ్ణి ఓడించాలన్న కక్కుర్తే నన్ను కాపాడింది.

*

ఈ సంగతి వాడికి చెప్పడానికి నాకు పదేళ్ళు పట్టింది. 2023 ఫిబ్రవరి 11న హుసేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగింది, ఇండియాలో మొదటిది. 2.83 కిలోమీటర్లు, పద్దెనిమిది మలుపులు. మేం రాత్రిళ్ళు తిరిగిన రోడ్ల పక్కన కాంక్రీటు గోడలు, ఇనప వలలు, జెండాలు పట్టుకున్న మార్షళ్ళు, అంబులెన్సులు. మా మలుపు దాకా ఆ సర్క్యూట్ రాలేదు. ఫ్రాన్స్‌కి చెందిన జాఁ-ఎరిక్ వెర్న్ గెలిచాడు. మేమిద్దరం టికెట్లు కొనుక్కుని వెళ్ళాం. వాడు కాలు చాపుకోవడానికి వీలుగా చివరి సీటు.

కార్లు చప్పుడు లేకుండా పోతుంటే మాట్లాడుకోవడం సులువైంది. చెప్పాను. చూపు గురించి, బ్రేకు గురించి. వాడు రేసు వైపే చూస్తూ విన్నాడు. చాలాసేపటికి, "డివైడరే చూసిన" అన్నాడు. "పసుపు, నలుపు చారలు. ఇప్పటికీ కండ్లకు కనిపిస్తయ్." తర్వాత, "దీన్ని నేర్పే చోటు గూడ ఉంటదని నాకెవడన్న చెప్తే గద" అన్నాడు. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండనిపించింది.

మరుసటి ఏడు జరగాల్సిన రెండో రేసు రద్దయింది. గోడలు తీసేశారు. రోడ్డు రోడ్డులాగే ఉంది.

ఇన్నేళ్ళలో మంచి జరగలేదని కాదు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది. భయపడి బ్రేకుని గుంజినా చక్రం బిగుసుకోకుండా అది చూసుకుంటుంది. ఉస్తాద్ డ్రమ్ము నుంచి అక్కడిదాకా రావడానికి ముప్ఫై ఆరేళ్ళు. బండి నేర్చుకుంది. మనిషి చూపుని తిప్పే యంత్రం మాత్రం ఎవరూ కనిపెట్టలేదు. దాన్ని ఇంకో మనిషే నేర్పాలి. నేర్పడానికి ఖాళీ నేల కావాలి.

పోయిన నెల మా అక్క కొడుకు అమీర్‌పేటలో కోర్సులో చేరాడు. ఇప్పుడు బోర్డుల మీద జావా కింది వరసకి పోయింది, డేటా సైన్స్, ఏఐ పైకి వచ్చాయి. సత్యం థియేటర్ ఉన్నచోట మల్టీప్లెక్స్ ఉంది. తలెత్తితే ఆకాశానికి మెట్రో అడ్డం. వాడికి స్పోర్ట్ బైక్ కావాలట. "మామా, టెస్ట్ రైడుకు నువ్వు గూడ రా, నువ్వు కొనేటోని లెక్క కనిపిస్తవ్" అన్నాడు. నాకు నవ్వొచ్చింది.

అంతకుముందు రెండు ఆదివారాలు పొద్దున్నే ఒక ఖాళీ మైదానంలో నా బండి మీద వాడితో బ్రేకులు వేయించాను. ముప్ఫైలో, నలభైలో, యాభైలో. చాక్‌పీసుతో గీత గీసి, ఎక్కడ ఆగాడో కొలిచి. "ఇదేం బోరు మామా" అన్నాడు. మెడ తిప్పి చూడమని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

పంజాగుట్టలో ఫారం నింపాడు, లైసెన్సు జిరాక్స్ ఇచ్చాడు. సేల్స్ కుర్రాడు వెనక కూర్చున్నాడు. బండి రోడ్డెక్కే ముందు వాడు నా వైపు చూశాడు. "నన్ను గాదురా" అన్నాను. "అటు చూడు." మెట్రో స్తంభం నీడలో నిలబడి గడియారం చూసుకున్నాను. పది నిమిషాలన్నారు. పదమూడయింది. ఈ ఊళ్ళో నేను అద్దాల అవతల ఉన్న రోజుల్లో, సూర్యాపేటలో నాన్న ఇలాగే ఎన్నిసార్లు గడియారం చూసుకున్నాడో ఎప్పుడూ అడగలేదు. పద్నాలుగో నిమిషంలో బండి సిగ్నల్ దాటి వస్తూ కనిపించింది.